రోలు నుంచి ఏడడుగులు

కాదు, దాన్ని బీచ్ అనకండి. వందసార్లు చెప్పాను, కామెంట్లలో కొట్లాడాను, ముగ్గుర్ని బ్లాక్ చేశాను. అయినా పొద్దున్నే ఫోన్ తెరిస్తే మళ్ళీ అదే: "మన పాలమూరు బీచ్", "ఇక గోవా ఎందుకు దండగ", కింద నాలుగు అలల బొమ్మలు. అలలెక్కడివి అక్కడ? కృష్ణ మీద ప్రాజెక్టు కట్టాక వెనక్కి తన్ని నిలబడిన నీళ్ళు అవి. ఎండాకాలం ఆ నీళ్ళు తగ్గితే ఎర్రటి గట్లు, నెర్రెలిచ్చిన బురద, కాలు పెడితే కోసుకుపోయే రాళ్ళు బయటపడతాయి. చూడ్డానికి సముద్రపు ఒడ్డులాగే ఉంటుంది, ఒప్పుకుంటాను, నేనూ అట్లా కనబడేలాగే ఫోటోలు తీశాను. కానీ మీరు కాళ్ళతో చిమ్ముతున్నది ఇసుక కాదు. మట్టిగోడలు నానీ నానీ కరిగి పరుచుకున్న మన్ను అది. మీరు డ్రోన్ ఎగరేసే చోట ఎవరిదో వంటిల్లు ఉంది. అక్కడ చెప్పులతో తిరగకండి అంటే "ఓవర్ చేస్తున్నావ్" అంటారు. సరే, ఓవరే. మొత్తం చెప్తాను, విన్నాక అనండి.

నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో, మూడో అంతస్తులో. ఎండాకాలం సెలవులు రాగానే అమ్మ నన్ను వనపర్తి బస్సు ఎక్కించేది. అక్కడ మా అవ్వ, అంటే అమ్మవాళ్ళ అమ్మ, మా మామ దగ్గర ఉంటుంది. మామ ట్రాలీ ఆటో నడుపుతాడు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని ఎవరూ అడగరు. రెండు గదుల రేకుల ఇల్లు, ముందు ఒక నల్లా, నల్లా కింద ఎప్పుడూ ఆరని పాచి. పొద్దున నాకు మెలకువ వచ్చేది అవ్వ జొన్నరొట్టె తట్టే చప్పుడుతో. టప్, టప్, టప్, మధ్యలో ఒక దగ్గు, మళ్ళీ టప్. పెనం మీద రాలిన పిండి మాడే వాసన, దాని వెనకే పల్లీలు వేగే వాసన. పచ్చడి మాత్రం మామ కొన్న మిక్సీలోనే పట్టేది, పట్టిన ప్రతిసారీ వేలితో నాకి ముఖం చిట్లించేది. "ఉడుకైపోయిందిరా పచ్చడి. నాలికె మీద పెడితె నిప్పు లెక్కనే ఉన్నది" అనేది. "రోలు కొనుక్కొస్త తియ్యవే అమ్మా, బజార్ల మస్తున్నయ్" అనేవాడు మామ. అవ్వ తల కూడా తిప్పేది కాదు. "నాకు రోలున్నది."

"ఏడున్నదే?"

"ఇంట్ల."

ఆ మాట నాకు అర్థం కావడానికి రెండు సెలవులు పట్టింది. అవ్వ భాషలో వనపర్తి ఇంటి పేరు "ఈడ". "ఈడ ఉక్కపోస్తది", "ఈడ నీళ్ళు ఉప్పగుంటయి." ఇల్లు అన్న మాట ఆమె ఒక్కదానికే వాడేది, ప్రాజెక్టు నీళ్ళలో మునిగిన ఊళ్ళో, కృష్ణ కింద ఉన్నదానికి. నలభై ఏళ్ళకు పైగా అందులో ఎవరూ పడుకోలేదు. దానికి గోడల్లేవు, కప్పు లేదు, ఏడాదిలో తొమ్మిది పది నెలలు దాని మీద చేపలు తిరుగుతాయి. అయినా "ఇంట్ల" అంటే అదే.

ఎండలు ముదిరి, నీళ్ళు బాగా తగ్గాయని కొల్లాపూర్ నుంచి ఎవరో మామకి ఫోన్ చేస్తే, మరుసటి రోజే మా ప్రయాణం. అవ్వ తెల్లారకముందే రొట్టెలు చేసి గుడ్డలో కట్టేది. పల్లీలు, ఎండుమిర్చి, చింతపండు, ఉప్పు వేరే మూటలో. అన్నిటికంటే ముఖ్యం ఒక పొట్టి రోకలి, మూరెడు ఉంటుందేమో, ఊరు ఖాళీ చేసినప్పుడు ఆమె మోసుకొచ్చిన వాటిలో మిగిలింది అదొక్కటే. దాన్ని పాత తువ్వాలలో చంటిపిల్లలా చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకునేది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధయ్యేది కాదు. ఒకసారి కండక్టర్ ఆ తువ్వాల వైపు చూసి, "అవ్వా, గదేంది, ఎవర్ని కొట్టనీకె పోతున్నవ్?" అన్నాడు. "నీ అసోంటోళ్ళనే. జల్ది టికెట్ కొట్టు, లేకుంటె నీతోనే షురూ చేస్త" అంది అవ్వ. బస్సంతా నవ్వింది. నేను కిటికీ లోంచి బయటికి చూస్తూ, ఈమె ఎవరో నాకు తెలియనట్టు కూర్చున్నాను.

అక్కడికి చేరాక అసలు పని మామది. ఒడ్డున మూడు పెద్ద బండలు ఉంటాయి, వాటి నుంచి కొంత దూరం అటూ ఇటూ వెతికి, పారతో పైపైన బురద గీకుతూ పోయేవాడు. ఖంగ్ మని రాయి తగిలేది. చేతులతో మన్ను తీస్తే రోలు. నేలలో అంచుదాకా పాతేసిన నల్లరాతి రోలు. అంచు మీద ఒకచోట పెచ్చు లేచి ఉంటుంది, మామ చిన్నప్పుడు గొడ్డలి జారవిడిచిన గుర్తు. అవ్వ నీళ్ళు తెచ్చి కడిగి, కాస్త పసుపు పెట్టి, రోలుకి వీపు చేసి నిలబడేది. ఆ తర్వాత పొద్దు పొడిచే దిక్కుకి ఏడడుగులు. ఏడో అడుగు దగ్గర కాలి బొటనవేలితో గీత గీసి "గడప" అనేది. ఎడమకి మూడడుగులు, పొయ్యి. నది వైపు పన్నెండు, పక్కింటోళ్ళ కొట్టం. అంతే, పది నిమిషాల్లో ఆ బురదలో ఇల్లు లేచేది. ఇక చెప్పులు గీత అవతలే విడవాలి. నాకప్పుడు పదేళ్ళు, ఎండకి మాడు పగిలిపోతోంది, ఆడుకుందామంటే మామ ఫోన్‌కి సిగ్నల్ లేదు, నేరుగా నడుచుకుంటూ ఆమె దగ్గరికి వెళ్ళబోయాను.

"ఏయ్ పిల్లా! గోడలకెల్లి నడుస్తవేందే? దర్వాజకెల్లి రా."

వెనక్కి వెళ్ళి, గీత దగ్గర చెప్పులు విడిచి, లేని తలుపులోంచి లోపలికి వచ్చాను. కాళ్ళు కాలిపోతుంటే గెంతుతూ వచ్చాను. మామ నవ్వాపుకుంటున్నాడు. అవ్వ రోట్లో పచ్చడి నూరింది. చింతపండు నానేసి, కొంగు దోపుకుని, గొంతుక్కూర్చుని పిసుకుతూ, ఆ పక్కన ఎవరు ఉండేవారో, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడేది కాదో, అంతా చెప్పుకుపోయేది. నిన్న మొన్న జరిగినట్టు కోపాలు తెచ్చుకునేది కూడా. ఆ పచ్చడిలో ఎంత గీకి కడిగినా కొద్దిగా బురద వాసన ఉండేది. నేను ముక్కు మూసుకుని తిన్నాను. ఇప్పుడు ఆ వాసన కోసం ఏమైనా ఇస్తాను అని రాస్తే మీకు నచ్చుతుంది, కానీ అది అబద్ధం. వాసన నిజంగానే బాలేదు.

ఇంటర్‌లో నాకు మంచి కెమెరా ఉన్న ఫోన్ వచ్చింది, దాంతోపాటు పిచ్చి కూడా. ఆన్‌లైన్‌లో ప్రకృతి ఫోటోల గ్రూపు ఒకదాంట్లో చేరాను. అక్కడ పెద్దలకి ఒకటే మంత్రం: ఫ్రేమ్ శుభ్రంగా ఉండాలి, మనిషి కనబడకూడదు. జలపాతం కింద ఎవరో తల తుడుచుకుంటున్న ఫోటో పెడితే, "లైటింగ్ బాగుంది, మనిషి అడ్డం" అని కింద రాసేవాళ్ళు. వానాకాలంలో మామని బతిమాలి అచ్చంపేట దాటించి నల్లమలలోకి తీసుకెళ్ళేదాన్ని. అడవి నిజంగా అడవే. తడిసిన ఆకుల కంపు, జలగలు, రాతి మీద నుంచి పాలు ఒలికినట్టు దూకే నీళ్ళు. కానీ నీళ్ళ దగ్గరికి చేరేసరికి చిప్స్ పాకెట్లు, పగిలిన సీసాలు, రాతి మీద ఎవడో పెయింటుతో రాసుకున్న ప్రేమ, స్పీకర్ పెట్టుకుని చొక్కాలిప్పి గెంతే గుంపు. నాకు అక్కడే పట్టుకుంది ఈ అసహ్యం. "జరగండి, ఫోటో తీసుకోవాలి" అని అరిచేదాన్ని. జరగకపోతే గంటసేపైనా అక్కడే నిలబడేదాన్ని, వాళ్ళు ఫ్రేమ్‌లోంచి పోయేదాకా. మామ రాయి మీద కూర్చుని బీడీ కాల్చుకునేవాడు.

"ఏందే గిది, మనుషులు పోతె గానీ నీకు ఫోటో రాదా?"

"సీనరీ మామా. ఇందులో మనుషులు ఉండొద్దు."

"మనిషి లేకుంటె గది సీనరీ ఎట్లైతదే? ఖాళీ జాగ అయితది. ఖాళీ జాగ జూస్తె మనోళ్ళు ఊకుంటరా, కడీలు పాతి ప్లాట్లు చేస్తరు."

నేను నవ్వి స్టేటస్ పెట్టుకున్నాను, "మా మామ ఫోటోగ్రఫీ పాఠాలు" అని. తర్వాత ఫోన్‌లో చెరిపేసే టూల్ వచ్చింది. ఇక ఎవర్నీ జరగమని అరవక్కర్లేదు. వేలితో మనిషి చుట్టూ గీస్తే చాలు, ఒక్క క్షణం మసకబారి, ఆ చోట నీళ్ళో రాయో వచ్చి కూర్చుంటుంది. సీసాలు చెరిపాను, గుంపులు చెరిపాను, కరెంటు స్తంభాలు చెరిపాను. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. ప్రపంచాన్ని కడుగుతున్నట్టు ఉండేది.

పోయిన ఎండాకాలం ఆ పని అవ్వ మీద చేశాను.

అప్పుడు తెలియలేదు అది ఆమె మీద చేస్తున్నానని. మేం ముగ్గురం ఎప్పట్లాగే వెళ్ళాం. పొద్దు ఇంకా వాలుగా ఉంది, నెర్రెలిచ్చిన నేల బంగారంలా మెరుస్తోంది, వెనక నీళ్ళు నీలంగా కదలకుండా ఉన్నాయి, మధ్యలో నల్లగా ఆ రోలు. నా జన్మలో అంత మంచి ఫ్రేమ్ దొరకలేదు. కాకపోతే రోలు పక్కన అవ్వ కూర్చుని చింతపండు పిసుకుతోంది. మీద ఉన్నది నైలాన్ చీర, చిలకపచ్చ రంగు. ఆ రంగు ఫ్రేమంతా పాడుచేస్తోంది. అవతలి ఒడ్డున టవర్, గుట్టలు కూడా. తిరుగు బస్సులో కూర్చుని వేలితో చుట్టాను. టవర్ పోయింది. గుట్టలు పోయి ఆకాశం వచ్చింది. అవ్వ పోయింది. ఆమె కూర్చున్న చోట నెర్రెలు ఎంత చక్కగా కలిశాయంటే, అక్కడ ఎప్పుడూ ఎవరూ కూర్చోనట్టే ఉంది. ఆమె నా పక్క సీట్లోనే ఉంది, రోకలి ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతోంది, తల నా భుజం మీదే ఉంది. "ఎవరూ లేని తీరం" అని పేరు పెట్టి, అడుగున నా సంతకం వేసి పోస్ట్ చేశాను. మూడు రోజులు ఫోన్ వేడి తగ్గలేదు. ఎక్కడ, ఎక్కడ అని అడిగిన వాళ్ళందరికీ లొకేషన్ పిన్ పంచాను. స్టోరేజ్ నిండిందని అసలు ఫోటో తీసేశాను.

ఈ ఏడు నీళ్ళు తగ్గాక వెళ్తే రోలు లేదు. మామ పారతో గీకాడు. మళ్ళీ గీకాడు. మూడు బండలు అక్కడే ఉన్నాయి, కానీ వాటి నుంచి లెక్క ఎప్పుడూ ఒక అందాజు మాత్రమే, రాయి తగిలితేనే ఖాయం. నెలల తరబడి నీళ్ళు నిలిచి తగ్గాక, గుంట తవ్విన ఆనవాలు కూడా ఉండదు. అవ్వ చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడింది. ఎక్కడ విడవాలో తెలియక. "ఈడనే ఉండాలె గదరా... ఇంకింత అటు గీకు" అంటూ మధ్యాహ్నం దాకా మామ వెనకే తిరిగింది. నాకు కోపం వస్తే ఫోన్ తీస్తాను, అలవాటు. ఒక చోట నిలబడితే రెండు గీతల సిగ్నల్ వచ్చింది. ఆ చోటు పేరు మీద వచ్చిన వీడియోలు తిప్పుతూ పోయాను. పదో వీడియోనో పన్నెండోదో, పెళ్ళికి ముందు షూటింగ్ చేసుకుంటున్న జంట. అబ్బాయి అమ్మాయి మీద పూలరేకులు చల్లుతున్నాడు. రేకులు తీస్తున్నది ఒక రోట్లోంచి. రోలు అంచున లేచిన పెచ్చు.

వీడియో కింద రాసిన చోటికి ముగ్గురం ఆటోలో వెళ్ళాం, అరగంట దూరం, నది ఒడ్డున గుడారాలు వేసి షూటింగులకి ఇచ్చే ఒక చోటు. పేరు చెప్పను, ఇంకో నలుగురు వెళ్తారు. లోపల ఒక పల్లెటూరి సెట్టు ఉంది: బండి చక్రాలు, పాత దర్వాజాలు, పేడ రంగు పెయింటు కొట్టిన అట్టగోడలు. మధ్యలో గచ్చులో పాతి మా రోలు. దాని మీద ఒక కాలు పెట్టి, బూటుతో, పెళ్ళికొడుకు నిలబడ్డాడు. ఫోటోగ్రాఫర్ "గడ్డం పైకి అన్నా" అంటున్నాడు. ఛీ. నేను ఫోన్ ఎత్తి లైవ్ వీడియో ఆన్ చేసి అరవడం మొదలుపెట్టాను. దొంగలు, కేసు పెడతా, మీ చోటు మూయిస్తా, అన్నీ అన్నాను. ఆ చోటు నడిపే మనిషి పరిగెత్తుకొచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. నేను ఎంత అరిచినా గొంతు పెంచలేదు, అదే ఇంకా మండించింది. నన్ను వదిలేసి అవ్వకి కుర్చీ వేశాడు.

"పెద్దమ్మా, కూసో జర. నాకు తెల్వదమ్మా, నీ ఒట్టు. మాది గూడ మునిగిన ఊరే. మా తాత ఇల్లు ఏడుండెనో మాకే తెల్వదు. గందుకే గివన్ని జమ చేస్తున్న. గిది గూడ ఎవల్ది గాదనే తెచ్చిన." అంటూ జేబులోంచి ఫోన్ తీసి వెతికాడు. "సూడు, గీ ఫోటో జూసే పోయిన. ఎవ్వల్లేరు గద గిందుల. ఖాళీ జాగ అనుకున్న."

అవ్వ ఫోన్ అందుకుని, కళ్ళకి దూరంగా, మళ్ళీ దగ్గరగా పెట్టుకుని చూసింది. అడుగున నా సంతకం. నేను వీడియో ఆపేశాను.

"గిది పోయినేడుది గద" అంది అవ్వ. "ఆ దినం నేను గీడనే కూసుంటి. చింతపండు పిసుకుతుంటి. నేనేడున్ననే, పిల్లా?"

మామ నా వైపు చూశాడు.

"తీసేశానవ్వా."

"ఎందుకే?"

"ఫోటో మంచిగా వస్తుందని."

ఆమె ఇంకాసేపు చూసింది. "మంచిగనే వచ్చింది" అని ఫోన్ ఆయన చేతికి ఇచ్చేసింది. తిట్టలేదు. కండక్టర్ని రోకలితో కొడతానన్న మనిషి, నన్ను ఒక్క మాట అనలేదు.

"తీస్కపో పెద్దమ్మా, నేనే ట్రాలీల ఏసిస్త. ఎప్పటి లెక్కనే ఆడనే పాతుదాం" అన్నాడాయన. "తవ్వినోళ్ళు బయటోళ్ళు, వాళ్ళకు గుర్తుండదు. నువ్వు జెప్పు, ఏడ పెట్టాలె?"

ఏడ పెట్టాలె. ఇల్లు ఎక్కడో రోలు చెప్పాలి. రోలు ఎక్కడో ఇక ఎవరు చెప్పాలి? నేను గబగబా పిన్ తెరిచాను. "లొకేషన్ ఉందవ్వా నా దగ్గర! అటూ ఇటూ పదిహేనడుగులు తేడా రావచ్చు, అంతే." అవ్వ నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. "రోలు కాడికెల్లి ఏడడుగులకు గడపనే. పదిహేనడుగులు తప్పితె నేను పక్కింటోళ్ళ కొట్టంల కూసోని రొట్టె తింట." ఆ ఏడడుగులన్న మాట అటు ఫోటోగ్రాఫర్ చెవిలో పడింది. "ఏడడుగులా? అన్నా, మస్తున్నది కాన్సెప్ట్! రోలు కాడ షురూ చేసి ఏడడుగులు నడువుండ్రి, స్లో మోషన్ల తీస్త" అన్నాడు. జంట నడిచింది కూడా. నాకు అక్కడే అసహ్యం వేసింది. వాళ్ళని చూసి కాదు. ఆ కోణం బాగుందని నా బుర్రలో ఒక మూల అనిపించింది, అందుకు. అవ్వ మాత్రం ఆ పెళ్ళికూతురిని పిలిచి, "బిడ్డా, జర చెప్పులిడిసి నడువు, వంటిల్లు గది" అంది. ఆ అమ్మాయి ఏమీ అర్థం కాకుండానే చెప్పులు విడిచింది. నేను పదేళ్ళప్పుడు అంత తొందరగా విడవలేదు.

ఇప్పుడు రోలు వనపర్తిలో, నల్లా పక్కన ఉంది. మామ తెచ్చి పెట్టాడు. అందులో నీళ్ళు నిలుస్తాయి, పక్కవాళ్ళ కోళ్ళు వచ్చి తాగుతాయి. అవ్వ మిక్సీలోనే పట్టుకుంటోంది, ముఖం చిట్లించడం కూడా మానేసింది. రోకలి తలుపు కింద చీలలా పెట్టారు, గాలికి కొట్టుకోకుండా. నేను వెళ్ళినప్పుడల్లా చెవులు రిక్కించి వింటున్నాను. ఆమె నోట "ఇంట్ల" అన్న మాట రావడం లేదు. ఆ ఒడ్డు గురించి మాట్లాడాల్సి వస్తే "ఆడ" అంటోంది, మనందరం అన్నట్టే. మీరేమో ఇంకా ఆ ఫోటో కింద గుండెబొమ్మలు పెడుతున్నారు, ఆ దొంగ మీద కేసు పెట్టు, మేమున్నాం అని నన్ను ఎగదోస్తున్నారు. ఆయన ఎత్తుకుపోయింది ఒక రాయి, అడిగితే తిరిగిచ్చాడు. అక్కడ ఎవరూ లేరని లోకానికి చూపించింది నేను. ఇద్దరిలో దొంగ ఆయనే అని, దమ్ముంటే, మా అవ్వ ముందు నిలబడి మీలో ఒక్కరైనా అనగలరా?